నల్లబడ్డ గోధుమ గుట్టు విప్పిన టంకశాల అధికారి

గోధుమలు మర పట్టించే ముందు చేటలో పోసుకుని రాళ్లు, మట్టిబెడ్డలు ఏరేయడం చాలా ఇళ్లలో అలవాటే. తాలుగింజలు, పుచ్చుగింజలు కనిపిస్తే పక్కన పెట్టేస్తాం. దాదాపు 270 ఏళ్ల క్రితం ఫ్రాన్స్‌లో మాత్రం ఇలా ఏరి గట్టెక్కే పరిస్థితి లేదు. పైకి గింజలాగే కనిపించేది. వేళ్ల మధ్య నలిపితే మాత్రం లోపల పిండి ఉండేది కాదు. మసిలాంటి నల్లటి పొడి రాలేది. దాంతోపాటే కుళ్లిన చేపల నీచు వాసన గుప్పుమనేది. కళ్లంలో కంకులు నూర్చేటప్పుడు ఇలాంటి గింజలు కొన్ని చిట్లినా చాలు, ఆ పొడి కుప్పంతా అంటుకునేది. పిండి నల్లబడేది. రొట్టె నోట పెట్టలేనట్టు తయారయ్యేది.

ఈ జబ్బు గాలిలోంచి, ఆకాశంలోంచి వచ్చేది కాదని, విత్తనాన్ని అంటుకుని వస్తుందని తొలిసారిగా లెక్కప్రకారం నిరూపించిన వ్యక్తి మాథ్యూ తియ్యే. ఆయన రైతు కాదు, వైద్యుడూ కాదు. నాణేలు ముద్రించే టంకశాలలో అధికారి.

రొట్టె మీదే బతుకు

తియ్యే 1714లో ఫ్రాన్స్ నైరుతి దిక్కున ఉన్న బోర్డో నగరంలో పుట్టారు. అప్పట్లో అక్కడి పేదల తిండిలో ఎక్కువ భాగం రొట్టే. మనకు అన్నం ఎలాగో వాళ్లకు రొట్టె అలాగ. పంట దెబ్బతింటే రొట్టె ధర పెరిగేది. ధర పెరిగితే కూలివాడి ఇంట్లో పస్తులు తప్పేవి కావు. అందుకే గింజ నల్లబడటం ఒక్క రైతుకు సంబంధించిన కష్టం కాదు, ఊరందరి కడుపుకు సంబంధించిన సంగతి.

మన దగ్గర జొన్న, సజ్జ పండించే రైతులకు కాటుక తెగులు తెలుసు. గింజ ఉండాల్సిన చోట కాటుకలాంటి పొడి నిండిపోతుంది. గోధుమకు వచ్చే ఈ జబ్బూ ఆ కుటుంబానిదే. నీచు వాసన దీనికి అదనం. కాబట్టి దీన్ని కంపు కాటుక అనుకుందాం.

ఎందుకొస్తుందో మాత్రం ఎవరికీ తెలియదు. పొగమంచు పట్టడం వల్లనని కొందరు, గొర్రెల ఎరువో పావురాల రెట్టో వేయడం వల్లనని ఇంకొందరు అనేవారు. నేల చెడ్డదనీ, విత్తిన రోజు మంచిది కాదనీ నమ్మేవాళ్లకూ కొదవ లేదు.

ఇంగ్లండ్‌లో ఇంకో కథ ప్రచారంలో ఉండేది. జెత్రో టల్ అనే వ్యవసాయవేత్త 1733లో తన పుస్తకంలో దాన్ని రాశారు. బ్రిస్టల్ దగ్గర గోధుమలతో వస్తున్న ఓడ మునిగిపోయింది. ఉప్పునీళ్లలో నానిన గింజలను బయటికి తీశారు. అవి రొట్టెకు పనికిరాకపోవడంతో పొలాల్లో విత్తారు. ఆ ఏడాది చుట్టుపక్కల పంటలన్నిటికీ కాటుక సోకినా, ఆ ఉప్పు విత్తనం చల్లిన చేలు మాత్రం శుభ్రంగా పండాయట. అప్పటినుంచి కొందరు రైతులు విత్తనాన్ని ఉప్పునీళ్లలో ముంచి, సున్నం పట్టించి విత్తడం మొదలుపెట్టారు. ఒక్కోసారి పనిచేసేది, ఒక్కోసారి చేసేది కాదు. ఎందుకు పనిచేస్తుందో తెలియదు కనుక ఎందుకు విఫలమవుతుందో కూడా తెలిసేది కాదు.

ఈ చిక్కు తేల్చినవారికి బహుమతి ఇస్తామని బోర్డో అకాడమీ ప్రకటించింది.

నాణేల నుంచి గింజల దాకా

అప్పటికి తియ్యే పారిస్‌కు ఆగ్నేయంగా ఉన్న త్రువా పట్టణంలో టంకశాల డైరెక్టరు. నాణెంలో వెండి ఎంత, కల్తీ ఎంత అన్నది రవ్వంత తేడా కూడా రాకుండా తేల్చడం అక్కడి పని. ఆ పనిలో ఊహకు చోటు లేదు. తూచాలి, పోల్చాలి, రాసుకోవాలి. గోధుమ జబ్బు విషయంలోనూ ఆయన సరిగ్గా అదే చేశారు.

త్రువా దగ్గర 540 అడుగుల పొడవు, 24 అడుగుల వెడల్పు ఉన్న నేల తీసుకుని, మొత్తం 120 చిన్న మళ్లుగా విడగొట్టారు. ఎరువు వల్ల జబ్బు వస్తుందన్న మాట నిజమో కాదో చూడటానికి ఒక భాగంలో పావురాల రెట్ట, ఒక భాగంలో గొర్రెల ఎరువు, మరోచోట మనుషుల మలం, ఇంకోచోట గుర్రాలు, కంచరగాడిదల పెంట వేశారు. ఒక భాగంలో ఏ ఎరువూ వేయలేదు. రోజు మంచిది కాదన్న మాట తేల్చడానికి వేర్వేరు తేదీల్లో విత్తారు.

అసలు కిటుకు విత్తనంలో ఉంది. కొన్ని మళ్లలో శుభ్రమైన గింజలు చల్లారు. కొన్నిట్లో కావాలనే నల్లటి పొడి పట్టించిన గింజలు చల్లారు. మరికొన్నిట్లో, పొడి పట్టించిన గింజలనే ఉప్పుతోనో సురేకారంతోనో సున్నం కలిపి శుద్ధి చేసి చల్లారు. ఇప్పుడు మందుల పరీక్షల్లో ఒక గుంపుకు మందు ఇచ్చి, ఇంకో గుంపుకు ఇవ్వకుండా పోల్చి చూస్తారు కదా! ఆ పద్ధతినే ఆయన 1750ల్లో పొలంలో పాటించారు.

కంకులు వచ్చాక సంగతి తేటతెల్లమైంది. ఏ ఎరువు వేసినా, ఏ రోజు విత్తినా తేడా అంతంతమాత్రం. నల్లటి పొడి పట్టిన విత్తనం చల్లిన మళ్లు మాత్రం జబ్బుపడ్డాయి. అదే పొడి పట్టి కూడా శుద్ధి అయిన విత్తనం చాలావరకు మంచి కంకులే ఇచ్చింది. పొగమంచు అన్ని మళ్ల మీదా ఒకేలా కురిసింది. కాబట్టి తప్పు మంచుది కాదు, ఎరువుది కాదు. విత్తనానికి అంటుకున్న పొడిదే. జబ్బు సోకిన పంట గడ్డి ద్వారా కూడా ఇది కొత్త పంటకు చేరుతుందని ఆయన గుర్తించారు. పైకి ఒకేలా కనిపించే రెండు కాటుకలు నిజానికి వేరువేరు జబ్బులని విడదీసి చెప్పిందీ ఆయనే.

ఈ ఫలితాలతో రాసిన వ్యాసానికి బోర్డో అకాడమీ బహుమతి దక్కింది. 1755లో అది పుస్తకంగా వచ్చింది.

రాజుగారి తోటలో

పదిహేనో లూయీ రాజుకు మొక్కల మీద ఆసక్తి ఉండేది. ఆయన ఆజ్ఞతో వెర్సాయ్‌లోని త్రియనాన్ తోటలో ఈ ప్రయోగాలను మళ్లీ చేసి చూపించారు. వాటి సారాంశం 1756లో అచ్చయింది.

రైతుకు తియ్యే చెప్పిన వైద్యం ఖరీదైనది కాదు. కట్టెల బూడిదను నీళ్లలో కలిపి తీసిన తేటకు సున్నం చేర్చి, దానితో విత్తనాన్ని కడిగి ఆరబెట్టడం. బూడిద ప్రతి ఇంటి పొయ్యిలోనూ ఉండేదే. బీదరైతు కూడా చేయగలిగేదే మందు అవుతుందని ఆయనకు తెలుసు.

1758లో పారిస్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ఆయన్ను సభ్యుడిగా తీసుకుంది. వృక్షశాస్త్ర విభాగంలో చోటు దక్కింది. నాణేల మనిషికి అది గోధుమ గింజ ఇచ్చిన గౌరవం.

పొయ్యిలోకి వెళ్లిన అమ్మాయి

1760లో పశ్చిమ ఫ్రాన్స్‌లోని అంగుమువా ప్రాంతంలో మరో ఉపద్రవం వచ్చింది. నిల్వ గోధుమల్లోంచి చిన్నచిన్న చిలుకపురుగులు గుంపులుగా లేచేవి. వాటి పిల్లపురుగులు గింజ లోపలే ఉండి తొలిచేసేవి. మన వడ్ల గాదెల్లోనూ కనిపించే పురుగే ఇది. అకాడమీ తియ్యేనీ, దుహమెల్ ద్యు మోన్సో అనే శాస్త్రవేత్తనూ అక్కడికి పంపింది. రొట్టెలు కాల్చే పొయ్యిలో గింజలను తగినంత వేడిచేస్తే లోపలి పురుగు చస్తుందని వాళ్లు తేల్చారు. 1762లో ఈ పరిశీలనలన్నీ పుస్తకంగా వెలువడ్డాయి.

ఆ పనిలో ఉండగానే ఒక విచిత్రం జరిగింది. లా రోషెఫూకో ఊళ్లో పొయ్యి లోపలి వేడి కొలవాలని థర్మామీటరును పారమీద పెట్టి లోపలికి తోశారు. బయటికి లాగేసరికి పాదరసం దిగిపోయేది. పొయ్యి దగ్గర పనిచేసే అమ్మాయి ఇది చూసి, తాను లోపలికి వెళ్లి గుర్తుపెట్టి వస్తానంది. అన్నట్టే వెళ్లింది. తియ్యే కంగారుపడ్డా, తనకేమీ ఇబ్బంది లేదంటూ ఆమె ఇంకో పది నిమిషాలు అక్కడే ఉంది. లోపలి వేడి నీళ్లు మరిగే వేడిని మించిపోయింది.

తియ్యే దీన్ని వింతగా చెప్పుకుని వదిలేయలేదు. మనుషులు, జంతువులు ఎంత వేడిని తట్టుకోగలవన్న దానిమీద ప్రయోగాలు చేసి 1764లో అకాడమీకి వ్యాసం సమర్పించారు. పొడిగా ఉన్న వేడిగాలిలో చెమట ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుందన్న సంగతి ఇప్పుడు మనకు తెలుసు. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు. అందుకే మన తీరప్రాంతాల్లో ఉక్కపోత రోజుల్లో వడదెబ్బ ముప్పు పెరుగుతుంది. గోధుమ పురుగు కోసం వెళ్లిన మనిషి, ఒంటి వేడి గురించి తొలి పరిశోధనల్లో ఒకటి చేసి వచ్చారు.

రొట్టె తూకం, కొత్త కొలతలు

తియ్యే ఆ తర్వాత కూడా రొట్టెను వదల్లేదు. అప్పటి చట్టం ప్రకారం రొట్టె ఇంత బరువే ఉండాలి. తగ్గితే రొట్టెలు కాల్చేవాడికి శిక్ష. ఒకే బరువు ముద్దలు పెట్టినా, పొయ్యిలోంచి వచ్చేసరికి రొట్టెల బరువు ఒకేలా ఉండదని తియ్యే తూచి చూపించారు. నీరు ఒక్కోదాంట్లో ఒక్కోలా ఆవిరవుతుంది కదా! 1781లో ఆ ప్రయోగాలనూ ప్రచురించారు. జనాన్ని మోసం చేసేవాడు వేరు, పొయ్యి వల్ల తేడా వచ్చినవాడు వేరు అని చెప్పగలిగేది తూకమే.

ఫ్రాన్స్‌లో ఊరికో తూకం, సంతకో కొలత ఉండేది. ఫ్రెంచి విప్లవం వచ్చాక దేశమంతటికీ ఒకే కొలతలు ఉండాలని అకాడమీ సంఘాలు వేసింది. 1790లో లవోయిజియే, లగ్రాంజ్, బోర్డా, కొండోర్సే లాంటి ఉద్దండులతో పాటు తియ్యే కూడా అందులో ఉన్నారు. ఇవాళ మనం కిలోల్లో గోధుమపిండి కొంటున్నామంటే దాని వెనక మొదలైన కృషిలో ఆయన చేయీ ఉంది. ఆ పని పూర్తవడం మాత్రం ఆయన చూడలేదు. 1791 డిసెంబరులో పారిస్‌లో కన్నుమూశారు. అకాడమీ కోశాధికారిగా ఆయన చూసిన బాధ్యతలను లవోయిజియే అందుకున్నారు.

ఆయన కంటికి అందనిది

తియ్యేకు ఒక విషయం అంతుచిక్కలేదు. ఆ నల్లటి పొడి ప్రాణమున్నదని ఆయన అనుకోలేదు. అందులో ఏదో విషం ఉందని, అది గింజను పాడుచేస్తుందని భావించారు.

నిజం తెలియడానికి ఇంకో అరశతాబ్దం పట్టింది. మొంతొబాన్‌కు చెందిన బెనెడిక్ట్ ప్రెవో ఆ పొడిని సూక్ష్మదర్శిని కింద నీటిలో ఉంచి చూస్తే, అవి విత్తనాల్లా మొలకెత్తాయి. అంటే అవి శిలీంద్ర బీజాలు. రాగిపాత్ర తగిలిన నీటిలో మాత్రం అవి సరిగా మొలకెత్తడం లేదని ఆయన గమనించారు. ఆ దారినే వెళ్లి మైలుతుత్తం కలిపిన నీళ్లతో విత్తనశుద్ధి చేయవచ్చని 1807లో ప్రకటించారు. సూక్ష్మజీవి వల్ల జబ్బు వస్తుందని పాశ్చర్ చెప్పడానికి దశాబ్దాల ముందు సంగతి ఇది. అప్పట్లో పారిస్ పెద్దలు ఒప్పుకోలేదు.

జబ్బు తీరు ఇప్పుడు స్పష్టంగా తెలుసు. గింజపై ఉన్న బీజం గింజతో పాటే మట్టిలో మొలుస్తుంది. లేతమొలకలోకి దూరుతుంది. మొక్కతో పాటు కనపడకుండా పెరిగి, కంకిలో గింజ తయారయ్యే చోటును ఆక్రమిస్తుంది. ఒక్కో నల్లగింజలో లక్షల బీజాలుంటాయి. అందుకే చేను జబ్బుపడ్డాక చేసేదేమీ ఉండదు. విత్తే ముందే ఆపాలి. తియ్యే కారణం పేరు తప్పు చెప్పినా, ఆపాల్సిన చోటు మాత్రం సరిగ్గా చూపించారు. 1847లో ఫ్రాన్స్‌కే చెందిన త్యులాన్ సోదరులు ఈ శిలీంద్రానికి టిల్లేషియా అని పేరు పెట్టారు. తియ్యే పేరు అలా శాస్త్రంలో నిలిచింది.

మందే విషమైన వేళ

20వ శతాబ్దంలో విత్తనశుద్ధికి పాదరసం కలిసిన మందులు వచ్చాయి. తెగులు బాగా తగ్గింది. కానీ విత్తనానికి మంచిదైన మందు తిండికి మంచిది కాదు. 1971లో ఇరాక్‌కు ఇలా శుద్ధి చేసిన విత్తన గోధుమలు దిగుమతి అయ్యాయి. బస్తాల మీద హెచ్చరికలు అక్కడివారికి తెలియని భాషలో ఉన్నాయి. పల్లెల్లో చాలామంది ఆ గింజలతో రొట్టెలు చేసుకు తిన్నారు. గుర్తుకోసం వేసిన ఎర్రరంగు కడిగితే పోయింది. రంగుతో పాటే మందూ పోయిందనుకున్నారు. వారాల తర్వాత ఒంట్లో తిమ్మిర్లు, తూలిపోవడం, చూపు మందగించడం మొదలైంది. 6,530 మంది ఆస్పత్రుల్లో చేరారు. వారిలో 459 మంది చనిపోయారు.

మన గోధుమలో ఆయన పేరు

తియ్యే పేరున్న శిలీంద్రం మన దేశంలోనూ ఉంది. ఇప్పటి హర్యానాలోని కర్నాల్‌లో కనిపించిన గోధుమ జబ్బును 1931లో మిత్రా అనే శాస్త్రవేత్త వెల్లడించారు. కర్నాల్ బంట్‌గా పిలిచే దీనికి టిల్లేషియా ఇండికా అని శాస్త్రీయ నామం. దీనిదీ నీచు వాసనే. అయితే ఇది గింజలో కొంత భాగాన్నే తినేస్తుంది. ఇలాంటి గింజలు వందకు మూడు దాటితే పిండి రుచీ వాసనా చెడిపోతాయి.

కాటుక జబ్బుల్లో ముఖ్యంగా పోయేది పిండి నాణ్యత, రైతు రాబడి. మనిషి ఆరోగ్యానికి అంతకన్నా ప్రమాదకరమైన శిలీంద్రాలు వేరే ఉన్నాయి. పూత దశలో, కోతల వేళ వానలు పడితే ఫ్యూజేరియం అనే బూజు కంకిని పట్టుకుంటుంది. గింజలు ముడుచుకుపోయి, సుద్దలా తెల్లగానో లేత గులాబీ రంగులోనో కనిపిస్తాయి. ఈ బూజు డీఆక్సీనివాలినాల్ అనే విషాన్ని వదులుతుంది. వాంతులు తెప్పిస్తుంది కనుక దీనికి వామిటాక్సిన్ అని మరో పేరు.

1987లో కశ్మీర్ లోయలో వానకు తడిసి బూజుపట్టిన గోధుమలతో చేసిన రొట్టెలు తిని చాలామంది కడుపునొప్పి, విరేచనాలు, వాంతులతో బాధపడ్డారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు అక్కడికి వెళ్లి పరిశీలించి, కారణం ఈ కోవకు చెందిన బూజు విషాలేనని తేల్చారు. 1989లో లాన్సెట్ వైద్యపత్రికలో ఆ వివరాలు వచ్చాయి. ఇప్పుడు మన ఆహార భద్రత నిబంధనల ప్రకారం కిలో గోధుమల్లో ఈ విషం 1000 మైక్రోగ్రాములు మించకూడదు.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటే. పెనం మీది వేడి బూజును చంపుతుందేమో కానీ, అది అప్పటికే వదిలిన విషాన్ని పూర్తిగా పోగొట్టలేదు. జబ్బును పొలంలో, తేమను గాదెలో, చెడ్డగింజను చేటలో ఆపాల్సిందే.

ఇంట్లో ఇలా చూసుకోండి

* మర పట్టించే ముందు గోధుమలు చెరిగి, ముడుచుకుపోయినవి, నల్లటివి, గులాబీ రంగు తిరిగినవి తీసేయండి. బూజు విషం ఇలాంటి గింజల్లోనే ఎక్కువ.

* కడిగిన గోధుమలను కరకరలాడేలా ఎండబెట్టాకే మర పట్టించండి. చెమ్మ ఉండగా డబ్బాలో పోయొద్దు.

* వానాకాలంలో పిండి కొద్దికొద్దిగానే పట్టించుకోండి. డబ్బా ఖాళీ అయ్యాక కడిగి, ఎండబెట్టి కొత్త పిండి పోయండి.

* ముక్కవాసన, నీచు వాసన వచ్చినా, ఉండలు కట్టి బూజు కనిపించినా ఆ పిండిని పారేయండి. పైపైన తీసేసి మిగతాది వాడొద్దు. జల్లించినా, ఎక్కువసేపు కాల్చినా విషం పోదు. పశువులకు, కోళ్లకు కూడా పెట్టొద్దు.

* రంగు పూసిన విత్తన గింజలు ఎంత కడిగినా తినడానికి పనికిరావు. ఊళ్లో బంధువుల ఇంట మిగిలిన విత్తనాలు వంటింటి వైపు రాకుండా చూడండి. ఆ సంచులను కూడా తిండిగింజలకు వాడొద్దు.

* రొట్టెలు తిన్న కాసేపటికే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వాంతులు, కడుపునొప్పి మొదలైతే వైద్యుణ్ని కలవండి. వాడిన పిండిని కొంచెం విడిగా దాచి ఉంచితే కారణం తేల్చడం తేలికవుతుంది.